పద్నాలుగో పాఠంలో ఒక ఖాళీ

ఫిబ్రవరి నుంచి మే దాకా గుంటూరులో ఒక్క వాక్యమైనా తుమ్మకుండా పూర్తి చేసినవాడు ఊరికి కొత్తవాడై ఉండాలి, లేదా ముక్కు లేనివాడై ఉండాలి. యార్డుకి మిరపకాయల లారీలు మొదలయ్యాయంటే పెళ్లిచూపుల్లో తుమ్ములే, సంతాపసభల్లో తుమ్ములే. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినిపిస్తే కాసేపు కూర్చుని వెళ్లాలంటారు పెద్దవాళ్లు. ఆ మాట పాటిస్తే మేం ఏటా నాలుగు నెలలు గడప దాటకూడదు. పైగా మా ఆఫీసు సరిగ్గా యార్డుకి ఎదురుగా ఉంటుంది. ఇరవై ఏడేళ్లుగా అక్కడ కూర్చుని, మిరపకాయలు కొనే విదేశీయులకి "దయచేసి తగు చర్య తీసుకోగలరు" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఉత్తరాలు రాస్తున్నాను. ఆ ఇరవై ఏడేళ్లలో ఎవరైనా తగు చర్య తీసుకున్నారా అంటే, నాకు తెలిసి లేదు.

నా పేరు భావనారాయణ. మా ఆవిడ పేరు ఝాన్సీ. పేర్లు ముందే చెప్పేస్తున్నాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఈ ఏడాది మెక్సికో నుంచి ఒక పెద్దాయన మా మిరపకాయలు కావాలన్నాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. రాదంటే వచ్చు గానీ మాట్లాడడు. మా ప్రొప్రయిటర్ పూర్ణయ్యగారికి ఆ పద్ధతి చాలా నచ్చింది. ఆయనకీ ఇంగ్లీషు అలాగే వచ్చు.

"భావనారాయణా, రెండు నెలల్లో నువ్వు స్పానిష్ నేర్చుకోవాలయ్యా," అన్నారు.

"చూద్దామండీ," అన్నాను.

అది నా ఊతపదం. పెళ్లిచూపులయ్యాక అమ్మాయి నచ్చిందా అని అడిగినా అదే అన్నానని మా ఆవిడ ఇప్పటికీ పదిమందిలో చెప్తుంది.

మర్నాడు హైదరాబాదు నుంచి ఒక పెట్టె వచ్చింది. అందులో ఒక టోపీ ఉంది. చంటిపిల్లల కుల్లాయిలా మెత్తగా, లోపలంతా జరీ లాంటి తీగెలతో ఉంది. అది పుస్తకంలా పాఠం చెప్పదు. ఏ మాట నేర్పాలో ఆ మాట అవసరమయ్యే చోటుకి మనిషిని తీసుకుపోయి కూర్చోబెడుతుంది. కళ్లు మూసుకుంటే చాలు, ఎక్కడో స్పెయిన్లో ఒక రైల్వే స్టేషను క్యాంటీను కనిపిస్తుంది. గుండ్రటి బల్ల, గోడ గడియారం, గిన్నెలో కమలాపండ్లు. ఎదురుగా మీసాలాయన ఒకడు కూర్చుని ఏదో అడుగుతాడు. సరిగ్గా జవాబిస్తే పచ్చదీపం వెలుగుతుంది. పాఠంలో లేని మాట అంటే ఎర్రదీపం వెలిగి, కుక్కరు విజిల్‌కి ముందు చేసే చప్పుడొకటి వస్తుంది. రోజుకి ఇరవై నిమిషాలు.

జరిగిపోయినవాటి గురించి చెప్పడం తొమ్మిదో పాఠం. దానికి అది మన తలలోంచే సరుకు తీసుకుంటుంది. ఇంటర్ చదివేటప్పుడు సినిమా హాలు దగ్గర పోయిన నా సైకిలు ఆ క్యాంటీన్ గోడకి ఆనించి కనిపించింది. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత నా సైకిలు స్పెయిన్లో దొరికింది. దాన్ని ఎవరు దొంగిలించారని మీసాలాయన అడిగాడు. నేనూ అదే అడుగుతున్నాను, అని స్పానిష్‌లో చెప్పాను. పచ్చదీపం వెలిగింది.

పెట్టెలో ఒక కాగితం కూడా ఉంది. అందులో లావుపాటి అక్షరాలతో ఒక వాక్యం: ఒక టోపీ, ఒక తల. ఆ కాగితాన్ని మా ఆవిడ పోపుడబ్బా కింద పరిచింది.

మీరు నవ్వకండి. మా అపార్ట్‌మెంట్లో ఒకే పేపరు నాలుగిళ్లు తిరుగుతుంది. మేం సినిమాలు చూసేది మా తోడల్లుడి పాస్‌వర్డుతో, ఆయన చూసేది వాళ్ల మేనేజరు పాస్‌వర్డుతో. అలాంటప్పుడు కంపెనీవాళ్లు ఇచ్చిన టోపీ రోజుకి ఇరవై నిమిషాలు వాడి ఇరవై మూడు గంటలా నలభై నిమిషాలు బీరువాలో పెట్టడం ఎంత పాపం. ఝాన్సీ దాని లోపల పాత దిండుగలీబు ముక్క వేసి కుట్టింది, తలనూనె అంటకుండా. నేను పొద్దున పెట్టుకుని, తీసేసి ఆఫీసుకి పోతే, వంట అయ్యాక ఆవిడ పెట్టుకునేది. యంత్రం మా ఇద్దర్నీ ఒక మనిషే అనుకుంది. పాతికేళ్ల కాపురంలో మమ్మల్ని అలా అనుకున్నది అదొక్కటే.

నెల తిరక్కుండానే పద్నాలుగో పాఠం వచ్చింది.

జరగనిది, జరిగి ఉంటే ఎలా ఉండేదో చెప్పే పాఠం అది. దానికి వాళ్లు ఎంచుకున్న క్రియ 'యమార్'. అంటే పిలవడం, పేరుండడం. బేరంలో ఇది మర్యాద అట. మీ సరుకు పేరేంటి అని మొహం మీద అడక్కుండా, ఏమై ఉండేదో అని మెత్తగా అడగాలట. మెక్సికో ఆయన తన ఉత్తరాల్లో ఇదే వాడతాడు. సులువైన పాఠమే. మిగతా పాఠాల్లో క్రియకి తోక కోసి కొత్త తోక అతికించాలి. ఇక్కడ క్రియని ముట్టుకోకుండా, వెనక ఈయ తగిలిస్తే సరి. యో మె యమరీయ, నా పేరు ఫలానా అయి ఉండేది. తు తె యమరీయస్, నీ పేరు. ఎయ్య సె యమరీయ, ఆమె పేరు. నొసోత్రోస్ నోస్ యమరీయమోస్, మన పేరు. వొసోత్రోస్ ఒస్ యమరీయయిస్, మీ పేరు. ఎయ్యోస్ సె యమరీయన్, వాళ్ల పేరు. ఎవరైనా సరే, అదే తోక. జరిగినవాటికేమో ఒక్కో క్రియకి ఒక్కో వంకర పెట్టారు. జరగనివాటిని మాత్రం ఇంత తీరుగా ఎందుకు పెట్టారో స్పెయిన్ వాళ్లనే అడగాలి.

బ్రష్ చేస్తూ వల్లెవేస్తుంటే వంటింట్లోంచి ఝాన్సీ, "పొద్దున్నే యమా యమా ఏందండీ ఇంట్లో. వేరే క్రియ లేదా వాళ్లకి?" అంది.

"పాఠం అదేనే," అన్నాను.

టోపీ పెట్టుకున్నాను. స్టేషను క్యాంటీను వచ్చింది. మీసాలాయన లేడు. ఆయన కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది.

ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయి. జుట్టు రబ్బరుబ్యాండుతో పైకి కట్టుకుని, కమలాపండు తొక్క తెగకుండా ఒకే తీగలా ఒలుస్తోంది. తల తిప్పితే ఎడమచెవి కనిపించింది. చెవి పైఅంచు, తమలపాకు కొస మడిచినట్టు లోపలికి మడిచి ఉంది. అలాంటి చెవి నేను మా అమ్మకి చూశాను. ఇంకొక్కళ్లకి చూశాను.

అమ్మాయి తుమ్మింది. వరసగా మూడు. స్పెయిన్లో, మిరపకాయల వాసన లేనిచోట.

"శతాయుష్షు," అన్నాను. అప్రయత్నంగా వచ్చేసింది. పిల్లలు తుమ్మితే అనడం మా ఇళ్లలో అలవాటు కదా, నూరేళ్లు బతకమని.

ఎర్రదీపం వెలిగింది. పాఠంలో లేని మాట.

అమ్మాయి నా వైపు చూసి, "కోమో మె యమరీయ?" అంది. నా పేరు ఏమై ఉండేది?

బల్ల మీద అక్షరాలు వెలిగాయి. ఎయ్య సె యమరీయ, పక్కన ఒక గీత. గీత మీద ఖాళీ. ఆ ఖాళీ నింపితే పాఠం అయిపోతుంది.

ఇరవై ఒక్క ఏళ్ల క్రితం మాకొక ఆడపిల్ల పుట్టింది. విశాఖ నక్షత్రం. తీ, తూ, తే, తో అక్షరాలతో పేరు పెట్టాలన్నారు. మా అమ్మ తన పేరు తిరుపతమ్మ పెట్టమంది. తి పొట్టిదైతే ఏం, దీర్ఘం దేవుడే చూసుకుంటాడంది. ఝాన్సీ, తూలిక అని పెడదామంది. ఇద్దరూ నా వైపు చూశారు. నేనేమన్నానో మీరు ఊహించగలరు. ఇరవై ఒకటో రోజు బారసాల పెట్టుకున్నాం కదా, పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో రాసేదాకా టైముంది కదా, ఇప్పట్నించీ ఎందుకు గొడవ, చూద్దాం, అన్నాను. పదిహేడో రోజు జ్వరం వచ్చింది. పందొమ్మిదో రోజు పోయింది. ఆస్పత్రివాళ్లు చేతికి కట్టిన పట్టీ మీద 'బేబీ ఆఫ్ ఝాన్సీ' అని ఉంది. మున్సిపాలిటీ వాళ్లు రెండు కాగితాలిచ్చారు, రావడానికొకటి పోవడానికొకటి. రెండింటిలోనూ పేరు దగ్గర ఒక గీత ఉంది. తర్వాత మాకు పిల్లలు లేరు.

ఆ రోజు ఖాళీ నింపకుండానే టోపీ తీసేశాను. ఝాన్సీకి ఏమీ చెప్పలేదు. ఆఫీసుకి పోతే పూర్ణయ్యగారు ఏదో అడిగారు, ఏదో చెప్పాను. మధ్యాహ్నం ఉండబట్టలేక ఇంటికొచ్చేశాను.

ఝాన్సీ వంటింట్లో కింద కూర్చుని ఉంది. చుట్టూ కమలాపండ్ల తొక్కలు, ముక్కలు ముక్కలుగా. ఆరు పండ్లు ఒలిచింది గానీ ఒక్కటీ తినలేదు.

"నాకు రాట్లేదండీ," అంది. "తెగిపోతంది. దానికి మీ చెయ్యి వచ్చింది."

నేను పక్కన కూర్చున్నాను.

"పేరు అడిగిందా?" అన్నాను.

"అడక్కుండా ఎందుకుంటది?"

"నువ్వేం చెప్పావు?"

"నేనేం చెప్తాను? మీరు చూద్దామన్నారుగా," అంది.

ఇరవై ఒక్క ఏళ్లలో ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. కోపంగా కూడా అనలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

మా వంశంలో పరీక్ష తప్పినవాడు లేడు. ఈ ఊళ్లో పరీక్ష తప్పడమంటే ఏంటో మీకు తెలుసు. కోచింగు సెంటర్లే పరిశ్రమలుగా బతికే జిల్లా ఇది. మార్కులు తగ్గితే చుట్టాలు పరామర్శకి వస్తారు. అలాంటి నేను, యాభై ఐదేళ్ల వయసులో, మర్నాటి నుంచి రోజూ కావాలని తప్పడం మొదలుపెట్టాను. పొద్దున నేను తప్పేవాణ్ణి. మధ్యాహ్నం మా ఆవిడ తప్పేది. పూర్ణయ్యగారి ఫోనుకి రోజూ ఒకటే మెసేజి వెళ్లేది: పద్నాలుగో పాఠం, అసంపూర్తి.

పాఠంలో ఉన్న మాటలే అమ్మాయి మాట్లాడగలదు. లెక్కపెడితే ఎనిమిది వాక్యాలు. కాఫీ చల్లారిపోయి ఉండేది. రైలు ఆలస్యంగా వచ్చి ఉండేది. మీకొక కమలాపండు ఇచ్చి ఉండేదాన్ని. అలాంటివి. అవే తిప్పి తిప్పి చెప్పేది. ఆ ఎనిమిదింటితో మేమిద్దరం సంసారం నడిపాం.

"ఇవాళ రైలు ఆలస్యం అంది రెండుసార్లు," అనేది ఝాన్సీ, అన్నం వడ్డిస్తూ. "అంటే ఇంకాసేపు ఉంటదనేగా."

"ఎక్కడికి పోతోందంటావు?"

"ఇంటర్వ్యూకి అయి ఉంటది. బ్యాగు చూళ్లేదా, సర్టిఫికెట్లు పట్టే సైజు."

"బీటెక్కేనంటావా?"

"కాక? మీ తమ్ముడి కూతురు చదవంగా లేంది మన పిల్ల చదవలేదా?"

లేని పిల్లని ఉన్న పిల్లతో పోల్చాం. ఒక ఆదివారం, ఆ ఇంటర్వ్యూ బెంగళూరులో అయితే పంపించాలా వద్దా అని గంటసేపు పోట్లాడుకున్నాం. ఆడపిల్ల, ఊరుకాని ఊరు, హాస్టల్లో తిండి ఎలా ఉంటుందో. ఆ పోట్లాట మధ్యలో, పాతికేళ్లలో మేమింత సంతోషంగా ఎప్పుడూ లేమని నాకు తట్టింది. ఆవిడకి చెప్పలేదు. చెప్తే తుమ్ముతుంది.

మూడో వారంలో టోపీ కంపెనీ నుంచి షబానా అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. ఇంత సులువైన పాఠం ఇన్ని రోజులు ఎవరూ తప్పలేదట, యంత్రం పాడైందేమో చూడమని పంపారట. టోపీ విప్పి, లోపలి దిండుగలీబు ముక్క చూసి, దాని మీదున్న పొడుగాటి వెంట్రుక ఒకటి తీసి నా బట్టతల వైపు చూసింది.

"ఇద్దరు వాడుతున్నారా సార్?"

"ఇంట్లోవాళ్లమేగా అమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి టోపీ బల్ల మీద పెట్టింది. తర్వాత నిదానంగా చెప్పింది. జరగని సంగతి నేర్పడానికి యంత్రం మన తలలో తీరకుండా మిగిలినదేదైనా వెతుకుతుందట. ఒక్క తలలో దొరికితే దాన్ని కలగా తీసుకుంటుంది, లీలగా చూపించి వదిలేస్తుంది. ఒక్క మనిషే అనుకుంటూ అదే సంగతిని రెండు తలల్లో చూస్తే, రెండు సాక్ష్యాలున్నాయి కాబట్టి నిజమనుకుంటుంది. చెవి, జుట్టు, తుమ్ము అన్నీ పెట్టి పూర్తిగా కడుతుంది.

"ఆ పిల్లని అట్టా ఉంచడానికి లేదా?" అంది ఝాన్సీ.

"ఆమె పాఠంలో ఖాళీ వల్ల ఉంది మేడమ్. ఖాళీ నింపగానే పదిహేనో పాఠం వస్తుంది. రా, పో, కూర్చో అని ఆజ్ఞలు నేర్పే పాఠం. అందులో ఆమె ఉండదు."

"నింపకపోతే ఉంటదిగా."

"ఉంటుంది. కానీ..." షబానా నా వైపు చూసింది. "కట్టడానికి ఇటుకలు కావాలి కదా మేడమ్. యంత్రం దగ్గర ఏమీ ఉండవు. మీ దగ్గరున్నవే తీసుకుంటుంది. తీసుకున్నవి మళ్లీ మీ దగ్గరుండవు. మామూలుగా పెద్ద నష్టం లేదు, ఇరవై నిమిషాల పాఠానికి ఏం పోతాయి. మీరు వారాల తరబడి కట్టిస్తున్నారు."

ఝాన్సీ చేతులు పమిటకి తుడుచుకుంది.

"మాకున్నయ్యే పందొమ్మిది రోజులమ్మా," అంది. "ఎన్ని ఇటుకలొస్తయ్ దాన్లో?"

షబానా లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. టీ కూడా తాగలేదు. టోపీ వెనక్కి తీసుకుపోవాల్సిందే, కానీ మరచిపోయానని చెప్తాను, వీలైనంత త్వరగా ఆపెయ్యండి, అని చెప్పి వెళ్లిపోయింది. మంచి పిల్ల. ఆ అమ్మాయిని కూడా ఎవరో ఒకరు పేరు పెట్టి పిలిచే ఉంటారు.

నేను ఆ అమ్మాయి మాట నమ్మలేదు. ఇంజనీర్లు అన్నింటికీ భయపెడతారు. గీజరు బిగించినప్పుడు కూడా ఇలాగే చెప్పారు.

తర్వాత రెండు రోజులకి ఝాన్సీ బట్టలు మడతపెడుతూ అడిగింది.

"ఏవండీ, ఆ పట్టీ ఏ చేతికి కట్టారు?"

"ఏ పట్టీ?"

"ఆస్పత్రి పట్టీ. నా పేరుండేది."

కుడిచేతికి అనబోయాను. ఎడమేమో అనిపించింది. కళ్లు మూసుకుని చూడబోయాను. ఆ చెయ్యి రాలేదు. ఒక పెద్ద చెయ్యి కమలాపండు ఒలుస్తూ వచ్చింది.

"పుట్టినప్పుడు జుట్టుందా?" అన్నాను.

"ఉంది. లేదు. మీ అమ్మ ఏదో అన్నది జుట్టు గురించి."

"ఏమంది?"

"గుర్తులేదు."

ఇద్దరం మంచం మీద కూర్చుని, పోటీ పరీక్షకి చదివినట్టు, ఒకరినొకరం అడుక్కున్నాం. పుట్టింది పొద్దునా సాయంత్రమా. ఏడుపు ఎలా ఉండేది. ఏ రంగు దుప్పటి. చివరి రోజు ఆటోలో ఎవరు పట్టుకున్నారు. ఇదొక్కటి నేను జీవితంలో మరిచిపోననుకున్నాను, ఎన్నోసార్లు మరిచిపోవాలని కూడా అనుకున్నాను. మీరే పట్టుకున్నారు, అంది ఝాన్సీ. కాదు, నువ్వే, అన్నాను. ఇద్దరం ఖాళీ చేతులకేసి చూసుకున్నాం.

బీరువా అడుగు నుంచి మున్సిపాలిటీ కాగితాలు తీసి చూశాను. టైము ఉంది. సాయంత్రం నాలుగూ ఇరవై. ఎవరి పిల్ల గురించో చదువుతున్నట్టుంది.

"ఆపేద్దామా?" అన్నాను.

"ఆపితే ఇదీ లేదు, అదీ లేదు," అంది ఝాన్సీ.

మర్నాడు ఇద్దరం మళ్లీ తప్పాం.

ఈ సోమవారం పూర్ణయ్యగారు పిలిచారు. మెక్సికో ఆయన వచ్చే వారం గుంటూరు వస్తున్నాడట.

"ఏందయ్యా భావనారాయణా, నెల్రోజుల నించి ఒక్క పాఠం దగ్గర కూర్చున్నావంట? నా మనవడు నీకన్నా నయం."

"ఒక ఖాళీ దగ్గర ఆగిందండీ."

"ఏం ఖాళీ?"

"పేరు చెప్పాలండీ."

"ఎవరి పేరైతేనేం?"

"ఏదైనా తీసుకుంటుందండీ."

ఆయన నన్ను జాలిగా చూశారు. "ఏదైనా తీసుకుంటే తేజ అని కొట్టి అవతల పడెయ్యక. మనం అమ్మేదే తేజ రకం. ఆయన కొనేదే తేజ. పేరేం కావాలంటే తేజ. దీనికి నెల రోజులా?"

నేను తల దించుకున్నాను. శనివారం పొద్దున తొమ్మిదింటికి టోపీ ఆఫీసుకి తెచ్చెయ్యమన్నారు. నా వల్ల కాకపోతే ఆయనే పెట్టుకుని ఆ ఖాళీ నింపేస్తారట. సర్టిఫికెట్ కంపెనీ పేరు మీద వస్తుంది కాబట్టి తల ఎవరిదైనా ఒకటేనట.

సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి చెప్పాలి. ఇంటికొస్తూ దారంతా నేను లెక్క వేశాను. విశాఖ నక్షత్రం. తీ, తూ, తే, తో. తే సరిపోతుంది. ఇంట్లో ఆ మాట అన్నాను కూడా.

"నా కూతురికి మిరపకాయ పేరా?" అంది ఝాన్సీ.

"ఆయన పెట్టేస్తాడే శనివారం. మనం పెట్టకపోతే."

"అయితే మనమే పెడదాం."

పెడదాం అంటే పెట్టేస్తారా ఎవరైనా. ఇరవై ఒక్క ఏళ్ల క్రితం ఆగిపోయిన గొడవ, ఫ్రిజ్‌లో పెట్టిన పిండిలా, సరిగ్గా ఆగినచోటే మొదలైంది. కాకపోతే ఒక మార్పు.

"తిరుపతమ్మ అని పెడదామండీ," అంది ఝాన్సీ.

నాకు అర్థం కాలేదు. "నీకా పేరు ఇష్టం లేదుగా?"

"అత్తయ్య పోయి ఎనిమిదేళ్లయింది. ఆ చెవి ఆమెదేగా. ఆమె మాట కూడా ఒకటి ఉండనీండి."

"వద్దు," అన్నాను. "తూలిక పెడదాం. నువ్వు ఆసుపత్రిలో పుస్తకం వెనక రాసుకున్నావు. నేను చూశాను."

"చూశారా?"

"చూశాను."

"మరి అప్పుడు చెప్పలేదే?"

ఏం చెప్పను. అమ్మ ఏమనుకుంటుందో అని. ఇప్పుడు అమ్మ లేదు, ఏమీ అనుకోదు. అయినా ఝాన్సీ తిరుపతమ్మ దగ్గర నుంచి కదలదు, నేను తూలిక దగ్గర నుంచి కదలను. అప్పుడు ఎవరి పేరు కోసం వాళ్లు పట్టుబట్టారు కాబట్టి తేలలేదు. ఇప్పుడు నీ పేరే ఉండాలి, కాదు, నీ పేరే ఉండాలి అని తేలడం లేదు. మంగళవారం, బుధవారం దాని మీదే గడిచాయి. బుధవారం ఇద్దరం కలిసి వేరే పేరు వెతుకుదామని కూర్చున్నాం. పేర్ల పుస్తకంలో తూ అక్షరం కింద ఒకటే పేరుంది. దాని కింద ఝాన్సీ ఏళ్ల క్రితమే గీత గీసింది.

ఇంకో చిక్కు ఉంది. పేరు ఎవరు చెప్పాలి? బారసాలలో తండ్రి చెవిలో మూడుసార్లు చెప్పాలి. టోపీలో ఒక్కసారి చెప్పగానే పచ్చదీపం వెలుగుతుంది, క్యాంటీన్ పోతుంది. రెండోసారికి చెవి ఉండదు. ఆ ఒక్కసారి కూడా ఒక్కళ్లకే. మీరే చెప్పండి అంటుంది ఝాన్సీ, తండ్రి మీరు. నువ్వే చెప్పు అంటాను నేను. పేరు వినగానే పిల్ల మొహం ఎలా మారుతుందో చూడాలని ఇద్దరికీ ఉంది. అది ఎదుటివాళ్లు చూడాలని కూడా ఉంది.

ఇవాళ గురువారం. పొద్దున టోపీ పెట్టుకున్నాను. అమ్మాయి కొంచెం పలచబడింది. బ్యాగు లేదు. ఇటుకలు అయిపోవస్తున్నట్టున్నాయి. చెవి మాత్రం ఉంది. కమలాపండు మధ్యదాకా ఒలిచి నా వైపు జరిపింది. తుమ్మింది, ఒక్కటే.

ఒంటి తుమ్ము. కాసేపు కూర్చుని వెళ్లాలి.

కూర్చున్నాను. "కోమో మె యమరీయ?" అంది. రోజూ అడిగే మాటే. ఎప్పట్లాగే బల్ల మీద ఖాళీ వెలిగింది. నోరు తెరిచాను. తూలిక అందామనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఇంకొకటి. అది స్పానిష్ కూడా కాదు.

"చూద్దాం తల్లీ," అన్నాను.

ఎర్రదీపం వెలిగింది.

అందుకని ఇది రాస్తున్నాను. ఇల్లు మారితే, ఫ్యాను కొంటే, మోకాలు నొప్పెడితే పదిమందినీ అడిగే అలవాటు మాకుంది. ఇది కూడా అడగడంలో తప్పు లేదనుకుంటున్నాను. ఆడపిల్ల. విశాఖ నక్షత్రం. తీ, తూ, తే, తో. పలకడానికి స్పెయిన్ వాళ్లకీ గుంటూరు వాళ్లకీ ఇబ్బంది లేని పేరు అయితే మంచిది. మిరపకాయ పేరు వద్దు. తిరుపతమ్మా, తూలికా అని మమ్మల్ని మళ్లీ అడగొద్దు, మాలో ఎవరిది నెగ్గినా రెండోవాళ్లు బతకలేరు. టోపీ ఎవరు పెట్టుకోవాలో కూడా చెప్పండి, నేనా, ఆవిడా. పేరేమీ చెప్పకుండా ఈ రెండ్రోజులూ ఊరికే ఎదురుగా కూర్చుని, ఉన్న ఇటుకలు అయ్యేదాకా చూసుకుంటే పోలేదా అని కూడా మీరు అనొచ్చు. అది నేనూ అనుకున్నాను. శనివారం తొమ్మిదింటికి పూర్ణయ్యగారు తేజ అంటారు కదా మరి.

ఇది అచ్చయి మీ చేతికొచ్చేసరికి శనివారం దాటిపోయి ఉంటుంది. నాకు తెలుసు. మా ఆవిడ కూడా అదే అంది, అడిగేదేదో పద్నాలుగో పాఠం మొదట్లో అడగకపోయారా అని. నేనెప్పుడూ ఇంతే.

అయినా సరే చెప్పండి. దయచేసి. అప్పటికి ఆ పిల్ల ఉండదు కాబట్టి, పందొమ్మిది రోజులూ మిగలవు కాబట్టి, ఎవరి గురించి అడుగుతున్నానో నాకే సరిగ్గా గుర్తుండకపోవచ్చు కాబట్టి, ఏం పేరు పెట్టమంటారు అని అడగను.

మీరైతే ఏం పేరు పెట్టి ఉండేవారు?